గోకవరం దాటాక పాత రోడ్డు

మా నాన్న హోటల్లో కూర్చున్నా "మీ ఇష్టం" అనే మనిషి. సర్వరు అయోమయంలో పడి ఇడ్లీ తెచ్చేస్తాడు, నాన్న తినేస్తాడు. అలాంటి మనిషి ఆ రోజు పొద్దున్న నేను బూట్లు తొడుక్కుంటుంటే గుమ్మం దగ్గర నిలబడి ఆజ్ఞలు ఇవ్వడం మొదలుపెట్టాడు.

"గోకవరం దాటాక కొత్త రోడ్డే పట్టుకోండి. అక్క ఏమన్నా సరే."

"సరే."

"బోటులో అక్కని ఎడం పక్కన కూర్చోబెట్టు."

"ఎందుకు?"

"ఎండ పడదు."

బయట ఎండ లేదు. వారం రోజుల నుంచీ లేదు. కొవ్వూరు వైపు ఆకాశం మాడిపోయిన పెనంలా ఉంది. "కుడి పక్క కూర్చుంటే వాన పడుతుందా?" అన్నాను. నాన్న నవ్వలేదు. నా జోకులకి నవ్వకపోవడం మా ఇంట్లో కొత్త కాదు గానీ, నాన్న కనీసం విసుక్కుంటాడు. ఆ రోజు విసుక్కోలేదు కూడా. "కానీ..." అని ఏదో అనబోయి, చెయ్యి గాల్లో ఒకసారి ఊపి, లోపలికి వెళ్ళిపోయాడు.

అక్క అంటే నా మేనత్త. హైదరాబాదులో టైలరింగ్ షాపు నడుపుతుంది. ఆవిడా నాన్నా పుట్టి పెరిగిన ఊరు రాజమండ్రికి ఎగువన, గోదావరి ఒడ్డున ఉండేది. ఉండేది అని ఎందుకు అంటున్నానంటే ఇప్పుడు గోదావరే ఆ ఊళ్ళో ఉంది. ప్రాజెక్టు నీళ్ళు వెనక్కి తన్ని ఊరు మునిగింది. జనాన్ని ముందే ఖాళీ చేయించి వేరే చోట కాలనీ కట్టి ఇచ్చారు. ఆ ఖాళీ చేసే రోజుల్లో అత్త ఆపరేషన్ అయ్యి ఆసుపత్రిలో ఉంది. అందరూ వెళ్ళి గోడలు తడిమి ఏడ్చి వచ్చారు, ఆవిడ ఒక్కతీ వెళ్ళలేదు. ఆ బాకీ ఆవిడ గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

వాళ్ళ ఇల్లు ఊళ్ళో మొదటి డాబా. ఏటి నీరు తగ్గే వేసవిలో దాని పిట్టగోడా, పైన నీళ్ళ ట్యాంకూ నీళ్ళ మీద కనబడుతున్నాయని ఎవరో బంధువులు అత్తకి చెప్పారు. ఎప్పుడు చూసి చెప్పారో ఆవిడ అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. ఈ ఏడాది ఎగువన వానలు ముందే మొదలయ్యాయి. ఎర్రనీరు దిగింది. పాపికొండలకి వెళ్ళే టూరిస్టు బోట్లు రేపటి నుంచి ఆపేస్తారని తెలిసింది. ఆ బోట్లు సరిగ్గా ఆ ఊరి మీదుగానే వెళ్తాయి. అంటే ఇంటిని చూడాలంటే ఈ రోజే. వరద దిగేసరికి ఆ పిట్టగోడ ఉంటుందన్న నమ్మకం ఎవరికీ లేదు. అందుకని జీవితంలో ఆర్టీసీ బస్సు తప్ప ఎరగని మా అత్త విమానం టికెట్టు కొనుక్కుంది.

ఇక నా పని మధురపూడి విమానాశ్రయం నుంచి బోటు రేవు దాకా ఆవిడని చేర్చడం. నేను ఫ్లెక్సీ షాపులో డిజైనర్ని. పుట్టినరోజు ఫ్లెక్సీలూ శ్రద్ధాంజలి ఫ్లెక్సీలూ చేస్తుంటాను. రెండింటికీ జనం ఒకే ఫొటో ఇస్తారు, వెనకాల రంగు మారిస్తే చాలు. రవాణా ఏర్పాట్లు నా శాఖ కాదు. అయినా అడిగి చూశాను. బోటు కంపెనీ వాళ్ళ వ్యాను అదే విమానంలో దిగే ఒక బృందం కోసం వస్తోందట, అందులో ఒక్క సీటు ఉందట. "ఒక్కదాన్నీ పంపకు" అన్నాడు నాన్న. బస్సైతే రాజమండ్రికి వచ్చి మళ్ళీ గోకవరం వెళ్ళి అక్కడ ఆటో పట్టుకోవాలి, అప్పటికి బోటు భద్రాచలం దగ్గర ఉంటుంది. నా బండి మీద తీసుకెళ్తానంటే అత్త ఫోన్‌లోనే, "నన్ను కూడా ఫ్లెక్సీ మీద ఎక్కిద్దామనా?" అంది. చివరికి స్నేహితుడి ద్వారా కొవ్వూరు నుంచి ఒక కారు మాట్లాడాను. డ్రైవరు నా వయసువాడే. మహా మర్యాదస్తుడు. ఏం చెప్పినా, "మీరెలా అంటే అలా అండి," అంటాడు. ఇంతకంటే మంచి డ్రైవరు దొరకడనుకున్నాను. ఎంత పొరపాటు పడ్డానో తర్వాత తెలిసింది.

విమానం సమయానికే దిగింది. వ్యాను బృందం చకచకా బయటికొచ్చి, సెల్ఫీలు దిగి, వెళ్ళిపోయింది. అత్త రాలేదు. ఫోన్ చేస్తే, "బెల్టు దగ్గరున్నానురా, సంచి రాలేదు," అంది.

"ఏముంది అందులో?"

"సారె."

చీర, జాకెట్టు ముక్క, గాజులు, పసుపు, కుంకుమ. ఆడపిల్ల పుట్టింటి నుంచి బయల్దేరేటప్పుడు పుట్టిల్లు పెట్టే సామాను అది. ఇక్కడ ఇల్లే బయల్దేరుతోంది కాబట్టి ఆడపిల్ల పెట్టాలి. అత్త లెక్క అది. బోటులోంచి డాబా కనబడగానే సారె గోదావరిలో విడవాలని ఆవిడ మొక్కు.

"అవన్నీ చేతిసంచిలో పట్టేవే కదా, అత్తా?"

"కొబ్బరికాయ పట్టుకెళ్ళనివ్వలేదురా. లోపలికి తేకూడదట. అందుకని అన్నీ ఆ సంచిలోనే పెట్టి పంపేశాను."

గోదావరి జిల్లాకి విమానంలో కొబ్బరికాయ తెచ్చిన మొదటి మనిషి మా అత్త. విమానాశ్రయం ప్రహరీ మీంచి చూస్తే ఎటు చూసినా కొబ్బరిచెట్లే. ఆ మాటే అంటే, "దార్లో దొరక్కపోతే?" అంది. దాని కోసం ఆవిడ బెల్టు దగ్గర, నేను బయట అద్దం దగ్గర నిలబడిపోయాం. అందరి పెట్టెలూ వచ్చాక, బెల్టు ఖాళీగా తిరిగి తిరిగి ఆగిపోయాక, మళ్ళీ ఒక్కసారి కదిలి ఆ ఒక్క గుడ్డసంచినీ తెచ్చి అత్త కాళ్ళ ముందు పెట్టింది. "చూశావా, రానంది, పాపం," అంది అత్త బయటికి వస్తూనే. సంచి రానందో కొబ్బరికాయ రానందో నేను అడగలేదు.

కారు కోరుకొండ దాటుతుంటే కొండ మీది గుడి మబ్బులో సగం మునిగి ఉంది. అత్త అద్దం దించి దండం పెట్టింది. తర్వాత నా ఫోన్ అడిగి తీసుకుంది. మ్యాపులో ఊరు ఉందా అంటే చూపించాను. పేరు అలాగే ఉంది. ఉపగ్రహం ఫొటో నొక్కితే వీధులూ కొబ్బరితోటా, మధ్యలో తెల్లటి చతురస్రం, దాని మూలన నల్ల చుక్క.

"అదే ట్యాంకు," అంది అత్త. వేలితో పెద్దది చేసి, మళ్ళీ చిన్నది చేసి, మళ్ళీ పెద్దది చేసింది. "ఉంది కదరా. శుభ్రంగా ఉంది."

ఆ ఫొటో ఎప్పటిదో నాకు తెలీదు. అడిగి ఉంటే తెలీదనే చెప్పేవాణ్ణి. ఆవిడ అడగలేదు. నేను చెప్పలేదు.

గోకవరం దాటాక బోటు కంపెనీ వాళ్ళ ఫోన్. "ఎక్కడున్నారండి? వ్యాను వచ్చేసిందండి. ఏరు పెరుగుతోంది, ఎక్కువసేపు ఆపలేమండి."

"దగ్గర్లోనే ఉన్నామండి," అన్నాను. మన వైపు దగ్గర్లోనే అంటే బయల్దేరామని అర్థం.

దారి చీలే చోట కారు నెమ్మదించింది. కొత్త రోడ్డు కొండ చుట్టూ తిరిగి వెళ్తుంది. పాత రోడ్డు సూటిగా అత్త వాళ్ళ ఊరి దగ్గర ఏటి ఒడ్డుకి దిగి, ఊరి మీదుగా కాస్త దిగువనున్న రేవుకి వెళ్తుంది. మ్యాపు కూడా పాత రోడ్డునే నీలం గీత గీసి చూపిస్తోంది. సగం దూరం.

"పాత రోడ్డులోకి తిప్పు, బాబూ," అంది అత్త.

"నాన్న కొత్త రోడ్డే అన్నాడత్తా."

"వాడికేం తెలుసురా? ఈ రోడ్డు మీద నేను సైకిలు తొక్కాను. వాడు వెనకాల కూర్చుని నిద్రపోయేవాడు."

నేను డ్రైవరు వంక చూశాను. అతను అద్దంలో అత్త వంక చూశాడు. ఏదో అనబోయినట్టు పెదవులు కదిలాయి. "మీరెలా అంటే అలా అండి," అన్నాడు.

మలుపులో టీ బడ్డీ ఉంది. ఎందుకైనా మంచిదని అద్దం దించి అడిగాను. "ఏవండీ, ఇది రేవుకెళ్ళే పాత రోడ్డేనా?"

బడ్డీ ఆయన గ్లాసు కడుగుతూ తలెత్తాడు. "అదేనండి. కానీ..."

"చెప్పానా!" అంది అత్త. కారు కదిలింది. పక్క అద్దంలో చూస్తే ఆయన గ్లాసు వదిలేసి రోడ్డు మీదికి వచ్చి చెయ్యి ఊపుతున్నాడు. మా గోదావరి వాళ్ళ ఆప్యాయతే వేరు అనుకుని నేను కూడా ఊపాను.

రోడ్డు బ్రహ్మాండంగా ఉంది. గుంటల్లేవు. మధ్యలో తెల్లగీత చెరగలేదు. "రోడ్డు భలే శుభ్రంగా ఉందండి," అన్నాడు డ్రైవరు, మెచ్చుకోలుగా కాదు. నేను కూడా అప్పుడే గమనించాను. ఎక్కడా పేడ లేదు. గడ్డి లేదు. ఎవరూ ఒక మూల అయినా ధాన్యం ఎండబెట్టలేదు. మా జిల్లాలో రోడ్డంటే సగం కళ్ళం. వాహనం ఒక పక్కగా బతిమాలుకుంటూ పోవాలి. ఇక్కడ మాకోసమే వేసినట్టుంది.

మొదటి ఊరు వచ్చింది. ఇళ్ళున్నాయి, తలుపుల్లేవు. ఖాళీ చేసినప్పుడు జనం ద్వారబంధాలూ కిటికీలూ పీక్కుని కొత్త కాలనీకి పట్టుకుపోయారు. ప్రతి గోడలోనూ మనిషంత కన్నం. దొంగలకి ఇంతకంటే వీలైన ఊరు ఉండదు, ఎత్తుకుపోవడానికి ఏమీ లేదన్న ఒక్క లోటు తప్ప. ఈ మాట పైకే అన్నాను. ఎవరూ నవ్వలేదు. నా గొంతు నాకే కొంచెం పెద్దగా వినిపించింది. కుక్క కూడా మొరగలేదు. కుక్క కావాలంటే దానికి అన్నం పెట్టే మనిషి కావాలి కదా.

అత్త మాత్రం చెబుతూనే ఉంది. ఇక్కడ కిళ్ళీకొట్టు, ఇక్కడ రైసుమిల్లు, ఇక్కడ బస్సాగేది. ఆవిడ చూపించిన చోటల్లా తుమ్మపొదలే. ఆవిడ కళ్ళు వాటి మీద ఆగడం లేదు. "ఇదిగో, ఈ కల్వర్టు దాటాక వంపు, వంపు తిరిగితే మా..."

డ్రైవరు బ్రేకు తొక్కాడు.

వంపు లేదు. రోడ్డు అక్కడి నుంచి సన్నగా వాలి గోదావరిలోకి దిగిపోయింది. విరిగిపోలేదు, కోసుకుపోలేదు, మెట్లు దిగే మనిషిలా నింపాదిగా దిగిపోయింది. తెల్లగీత ఎర్రనీళ్ళ కింద కాస్త దూరం కనబడి మాయమైంది. దాని పక్కనే కరెంటు స్తంభాలు ఒకదాని వెనక ఒకటి దిగుతున్నాయి. మొదటిదానికి నడుము లోతు, తర్వాతదానికి మెడ లోతు, మూడోదానికి తల ఒక్కటే తేలింది, ఆ తర్వాత తీగలు మాత్రమే నీళ్ళ మీద వేలాడుతున్నాయి. ఫోన్‌లో ఆడగొంతు హాయిగా చెప్పింది, తిన్నగా వెళ్ళమని.

"వెళ్ళమంటోందండి," అన్నాడు డ్రైవరు. అతను జోకు వేశాడో లేదో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

"నీకు ముందే తెలుసా?" అన్నాను.

"మొన్నెవరో అన్నారండి, ఇటు నీళ్ళొచ్చాయని. కానీ పెద్దావిడ అంత గట్టిగా చెబుతుంటే కాదంటే బాగోదు కదండీ."

అప్పుడే మైకులో పాట వినబడింది. ఏటి మధ్యలో, అవతలి కొండ నీడ వెంట, రంగు కాగితాలు కట్టిన బోటు ఎగువకి పోతోంది. మా బోటు. పై అంతస్తులో ఎవరో డాన్సు చేస్తున్నారు. అది మా ముందు నుంచి పోయి చిన్నదైపోయింది. దాని అలలు కాసేపటికి తీరిగ్గా వచ్చి రోడ్డుని తాకాయి.

అత్త బోటు వంక చూడలేదు. కారు దిగి, సంచి చంకన పెట్టుకుని, నీటి అంచున నిలబడి స్తంభాల వెంట చూస్తోంది. "ఆ మూడో స్తంభం మా వీధి లైటు," అంది. "దానెదురే ఇల్లు. ఇక్కణ్ణించి ట్యాంకు కనబడాలే." చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుంది, ఎండ లేకపోయినా. "ఆ తీగల అవతల ఉంటుంది. కాస్త ముందుకెళ్తే..."

కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని నీళ్ళలో అడుగు పెట్టింది.

"మన రోడ్డేరా, కాలికి తగులుతోంది," అంది నా వైపు తిరక్కుండానే. మడమలు మునిగాయి. పిక్కలు మునిగాయి. ఎర్రనీళ్ళు వచ్చాక ఏరు ఎలా లాగుతుందో ఒడ్డున పుట్టిన ఎవరికైనా తెలుసు. అందరికంటే ఆవిడకే ఎక్కువ తెలుసు. డ్రైవరు కారు తలుపు పట్టుకుని, "అమ్మా... అమ్మగారండీ..." అంటున్నాడు. అంతకు మించి అనలేకపోతున్నాడు. నాకు నోటి దాకా ఒక జోకు వచ్చింది. ఏంటో గుర్తు లేదు. ఆ స్తంభాల్ని చూస్తే అది నోట్లోనే ఎండిపోయింది.

"అత్తా, వద్దు," అన్నాను. "ఆగు. అటు వెళ్ళొద్దు."

ఎంత గట్టిగా అన్నానో గానీ ఆవిడ ఆగి వెనక్కి చూసింది. పుట్టి బుద్ధెరిగాక నేను ఆవిడతో వెటకారం లేకుండా అన్న మొదటి మాట అదే అయ్యుంటుంది.

"మీ నాన్నకి ఫోన్ చెయ్యి," అంది. అక్కణ్ణించి కదల్లేదు.

సిగ్నలు ఒక్క గీత ఉంది. స్పీకరులో పెట్టి నేను కూడా నీళ్ళలోకి దిగి ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాను. నీళ్ళు వెచ్చగా ఉన్నాయి, అదేంటో భయం వేసింది. నాన్న ఎత్తగానే, "ఎక్కారా?" అన్నాడు.

"తమ్ముడూ," అంది అత్త. "పాత రోడ్డు చివర నిలబడ్డాను. మన కల్వర్టు దగ్గర. ఇల్లు కనబడట్లేదు. ఉందా, లేదా?"

లైను తెగిందేమో అని చూశాను. తెగలేదు.

"పోయినేడు వరదకే కూలిపోయిందక్కా," అన్నాడు.

"మరి బోటెక్కమన్నావు?"

"ఎడం పక్కన, ఊరికి ఆ చివర, పంచాయతీ ఆఫీసు పిట్టగోడ ఇంకా తేలే ఉంది. దూరం నుంచి చూస్తే మనింటి లాగే ఉంటుంది. నీళ్ళ మధ్య గుర్తులేం తెలుస్తాయి? చూసి సారె విడిచి వచ్చేస్తావు కదా అని... చెబుదామనుకున్నాను, కానీ..."

ఎడం పక్క ఎండ పడకపోవడం అంటే ఇదన్నమాట.

అత్త ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ మూడో స్తంభం వంక చూస్తూనే ఉంది. "పంచాయతీ ఆఫీసుకి సారె పెట్టించేవాడివి," అంది చివరికి. "మన ప్రెసిడెంటు బతికుంటే పొంగిపోయేవాడు." నా కామెడీ ఎటువైపు నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది.

వెనక్కి నడిపించాను. పొడి రోడ్డు మీద, తెల్లగీత మునిగే చోట, ఆవిడ కూర్చుని సంచి విప్పింది. చీర పరిచి, గాజులూ జాకెట్టు ముక్కా పెట్టి, పక్కన తారు మీద పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టింది. రోడ్డుకి బొట్టు పెట్టడం నేను ఎక్కడా చూడలేదు. కొబ్బరికాయ కల్వర్టు గట్టుకి కొట్టింది. రెండు చెక్కలుగా పగిలింది. లోపల నల్లగా కుళ్ళి ఉంది. ఆ వాసనకి డ్రైవరు మొహం తిప్పుకున్నాడు. అత్త ఆ చెక్కల్ని కూడా చీర మీద పెట్టింది. "కుళ్ళింది కూడా మనదేగా," అంది.

మేం కారెక్కేలోపే నీళ్ళు పసుపు అంచు దాకా వచ్చాయి. నేను పెరుగుతున్నాయా అని చూస్తూ నిలబడ్డాను. చూస్తున్నంతసేపూ కదల్లేదు. అత్తని లోపల కూర్చోబెట్టి మళ్ళీ చూసేసరికి బొట్టు లేదు. చీర కొంగు ఒకటి లేచి నీళ్ళ మీద పడుకుంది. డ్రైవరు నేను చెప్పకుండానే కారు వెనక్కి తీశాడు. ఆ రోజు అతను ఎవరినీ అడక్కుండా చేసిన మొదటి పని అది.

మలుపు దగ్గర అత్త కారు ఆపమంది. నేరుగా టీ బడ్డీ ఆయన ముందుకెళ్ళి నిలబడింది. తడిసిన చీర అంచు నుంచి ఎర్రనీళ్ళు కారుతున్నాయి.

"ఇందాక 'కానీ' అన్నారు. కానీ ఏంటండీ?"

ఆయన ఇబ్బందిగా గ్లాసు తుడిచాడు. "అదేనండి... చెబుదామనుకున్నానండి... మీరు తొందరలో ఉన్నారు కదా అని..."

"ఇప్పుడు తొందర లేదు. చెప్పండి."

"అటు రోడ్డు లేదండి."

"ఆఁ," అంది అత్త. బెంచీ మీద కూర్చుంది. "మూడు టీలు ఇవ్వండి."

టీ తాగుతుంటే ఒక తెల్లకారు వచ్చి మలుపులో ఆగింది. లోపల ఒక కుటుంబం, వెనకాల పిల్లలు. నడిపే ఆయన అద్దం దించి, బడ్డీ వైపు కాకుండా, పెద్దావిడ కదా అని అత్త వైపు చూసి అడిగాడు. "ఏవండీ, రేవుకి ఇటేనాండీ?"

బడ్డీ ఆయన నోరు తెరిచాడు. డ్రైవరు గ్లాసు దించాడు. నేనూ లేవబోయాను.

"ఇటేనండి," అంది అత్త. "తిన్నగా ఏట్లోకి పోతుంది. తిరిగి రాదు. అటు కొత్త రోడ్డులో వెళ్ళండి."

ఆయన ఆవిడ తడి చీర వంక, తర్వాత ఫోన్ వంక చూసుకున్నాడు. నమ్మలేనట్టు, "మ్యాపులో ఉందండి మరి," అన్నాడు.

అత్త టీ గ్లాసు బెంచీ మీద పెట్టింది.

"మా ఇల్లు కూడా ఉంది నాయనా అందులో."